ద్రౌపది చెంప మీద పటిక నీళ్ళు

మా అయ్యవారు చెంగల్రాయులు గారిని ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు రాదు. చేతిలో ఉన్న గీత చివరికంటా లాగుతారు. కలం పక్కన పెట్టి అడిగిన మనిషి ముఖం ఒకసారి చూస్తారు. మళ్ళీ ఇంకో గీత మొదలుపెడతారు. జవాబు ఆ పూటే రావచ్చు, వారానికీ రావచ్చు. కాళహస్తిలో ఆయన దగ్గర నలభై ఏళ్ళుగా కలంకారీ గుడ్డల మీద పని చేస్తున్నాను, నాకు తెలుసు. నేను రెండో తరగతి దాటలేదు. ఇది కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నదే. అయినా జరిగింది జరిగినట్టు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ రోజు అడిగింది కస్తూరి. డిగ్రీ చదివి, ముప్పై దాటాక, పని నేర్చుకుంటానని మా దగ్గరికి వచ్చిన మనిషి.

"అయ్యవారూ, మన అభిప్రాయానికి అడ్డంగా నిలబడే మనిషితో ఎంత వాదించినా ఒరిగేదేమీ లేదు. మాటలు మానేస్తే ఇద్దరికీ ప్రశాంతం. అందులో తప్పేముంది?"

ఆమె చెప్తున్నది దామోదరం గురించి. గుడ్డకు ఎర్రరంగు ఉడికించేది అతనే. అతనికి లేని అభిప్రాయం లేదు. ఎవరికి ఓటు వెయ్యాలి, ఏ హీరో సినిమా ఆడుతుంది, ఆడవాళ్ళను బస్సులో టికెట్టు లేకుండా ఎందుకు ఎక్కించకూడదు, అన్నీ ఫోన్‌లో మా పనివాళ్ళ గ్రూపులో పెట్టేస్తాడు. బస్సు సంగతి మీద కస్తూరి నాలుగు పేజీల జవాబు రాసింది. అతను నవ్వే బొమ్మ ఒకటి పెట్టాడు. అంతే, ఆమె అతని నంబరు తన ఫోన్‌కు రాకుండా ఆపేసింది.

నా సంగతి అంతకన్నా పాతది. పోయిన ఎన్నికలప్పుడు మేం పనిచేసే పందిట్లో పదిమంది ముందర, నన్ను చూస్తూ, "చదువు రానోళ్ళ ఓట్లతోనే ఈ దేశం ఇట్లా తగలడింది" అన్నాడు. ఆ రోజు నుంచి పదకొండు నెలలు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే కస్తూరి ప్రశ్నకు అయ్యవారికన్నా ముందే నేను తల ఊపాను.

అయ్యవారు మాత్రం, "ముందు ఈ గుడ్డ ఉడకనీమ్మా" అన్నారు.

ఆ గుడ్డ గురించి చెప్పాలి. పన్నెండు మూరల పొడవు, ద్రౌపదమ్మ స్వయంవరం. పక్క ఊళ్ళో అమ్మవారి గుడికి, భారతం తిరునాళ్ళకు ఇవ్వాల్సింది. ఇంకా ఆరు రోజులే ఉంది. నాలుగు నెలలు కూర్చుని ప్రతి గీతా అయ్యవారే గీశారు. ఆయన ఎడమకన్నులో చూపు పోయింది, కుడికంటికి మసక వచ్చింది. ఇంత పెద్ద బొమ్మ ఇంకొకటి గియ్యలేనని ఆయనే అన్నారు. అది చెడితే మళ్ళీ లేదు.

ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూసేది నేను. పటిక ఆరిపోతే కంటికి కనిపించదు. గుడ్డను ఎర్రవేరు వేసి మరిగించిన నీళ్ళలో ముంచినప్పుడు, పటిక తగిలిన ప్రతి చోటా ఎరుపు పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. గుడ్డ ముంచే ముందు ఉడికించేవాడు "ఏమన్నా కారిందా?" అని అడగాలి, పూసినవాడు నోరు తెరిచి చెప్పాలి. కారి ఉంటే ఆ చోట నిమ్మరసం రుద్ది ఏట్లో జాడిస్తే పోతుంది.

ఈ పదకొండు నెలల్లో ఆ కట్టుబాటు కాస్త వంగింది. దామోదరం గాలిని అడిగినట్టు అడిగేవాడు. నేను గోడవైపు చూసేవాణ్ణి. నా చెయ్యి ఎప్పుడూ కారదు కాబట్టి, నేను పలకకపోతే ఏమీ లేదని అర్థం. అతను గుడ్డ ముంచేసేవాడు.

గుడ్డ ఉడికించే ముందురోజు సాయంత్రం కారింది. చీర అంచుకు పటిక పెడుతుంటే తుమ్ము వచ్చింది. కలం అదిరి నాలుగైదు చుక్కలు ద్రౌపది ఎడమ చెంప మీద పడ్డాయి. అద్దే లోపలే ఇంకిపోయాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి. అయ్యవారికి చెప్పడానికి నోరు రాలేదు. కస్తూరిని పక్కకు పిలిచి, "రేపు ఆ ఉడికించేవాడికి చెప్పు మే" అన్నాను. ఆమె ఊ అంది.

తెల్లారింది. గంగాళం కింద మంట పెట్టారు. నీళ్ళు తెర్లుతున్నాయి. దామోదరం గుడ్డను మడతలు విప్పి రెండు చేతుల మీద వేసుకుని, ఎప్పటిలాగే, "ఏమన్నా కారిందా?" అన్నాడు.

నేను కస్తూరి వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"చెప్పలేదా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఊ అన్నాను గానీ, చివరికి మీరే చెప్పుంటారనుకున్నా పెద్దయ్యా. నేను ఆయనతో మాట్లాడటం లేదు కదా!"

దామోదరం రెండోసారి అడిగాడు. ఎవరూ పలకలేదు. పలకకపోతే ఏమీ లేదని అర్థం. అతను వంగాడు. గుడ్డ కొస ఆవిరి తగిలి మెత్తబడటం నాకు కనిపించింది. అయ్యవారు మసక కంటితో గంగాళం వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఆగరా!" అన్నాను.

పదకొండు నెలల తర్వాత నేను అతనితో అన్న మొదటి మాట అది. అరిచినట్టే వచ్చింది.

దామోదరం గుడ్డను గుండెలకు హత్తుకుని వెనక్కి దుమికాడు. "ఎక్కడ?"

"ద్రౌపదమ్మ ముఖం. ఎడమ చెంప. చెవి దాకా."

"ఎవరి చేతి నుంచి?"

"నా చేతి నుంచే."

ఏమన్నా అంటాడనుకున్నాను. "నిమ్మకాయలు!" అని కేకేసి ఏటివైపు పరుగెత్తాడు. కస్తూరి బుట్ట ఎత్తుకుంది. నేనూ వెళ్ళాను, ఈ మోకాళ్ళతో.

ముగ్గురం మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాం. నేను చోటు చూపించాను, ఆమె పిండింది, అతను బొటనవేలితో రుద్దాడు.

"ఆ మాట మీ గురించి అనలేదు పెద్దాయనా."

"నన్ను చూస్తూనే అన్నావు."

"చూసింది మిమ్మల్నే, కానీ..."

"చాల్లే, రుద్దు."

కాసేపటికి కస్తూరితో, "బస్సు గురించి నేనన్నది మాత్రం అన్నదే" అన్నాడు.

"నేను రాసిందీ రాసిందే. గుడ్డ ఇటు తిప్పండి, చెవి దగ్గర ఇంకా ఉంది" అందామె.

తిరిగి వచ్చి గుడ్డను ముంచాం. ఉడుకుతున్నంతసేపూ ఎవరమూ గంగాళం దగ్గర నుంచి కదల్లేదు. కర్రతో పైకెత్తినప్పుడు చీర నిప్పులా ఎర్రగా వచ్చింది. చెంప తెల్లగా ఉంది. దామోదరం పెద్దగా నవ్వాడు. చెవి కింద బియ్యపుగింజంత ఎర్రచుక్క మాత్రం మిగిలింది.

"కమ్మలో రాయి అనుకుంటారులే" అన్నాడు.

అయ్యవారు గుడ్డను ముఖానికి ఆనేంత దగ్గరగా పట్టుకుని, చెంపను వేలితో తడిమి చూసుకున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చుక్కలు పడిన సంగతి ఆయనకు ముందే తెలుసో లేదో నేను అడగలేదు.

దామోదరం ఆ రోజు పందిట్లో అన్న మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. అది వేరు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు గుడ్డ ఆరాక కస్తూరి మళ్ళీ అయ్యవారి ఎదుట కూర్చుంది. "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు అయ్యవారూ."

ఆయన గీస్తున్న గీతను చివరికంటా లాగి, కలం పక్కన పెట్టారు.

"ఆ చెంపకు పసుపు పడాలమ్మా. నువ్వే వెయ్యి. ఎంత చిక్కగా కలపాలో దామోదరాన్ని అడిగి రా."