నల్లతుమ్మ మీద పెళ్ళిచూపులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనుషులు. వాళ్ళకి అవి రెండు వేరు వేరు తిప్పలు. గిజిగాళ్ళకి మాత్రం రెండూ ఒకటే. మగపిట్ట గూడు సగం అల్లి, దాని కింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుని పిలవాలి. ఆడపిట్ట వచ్చి చూసుకుని సరేనంటే మిగతా సగం అల్లుతాడు. కాదంటే ఆ సగం గూడు అలాగే ఎండిపోయి రాలిపోతుంది. ఎర్రవాగు మడుగు మీదికి ఒరిగిన నల్లతుమ్మ మీద ఏటా తొలకరికి ఇదే తంతు. ఈ కథ నాటికి ఆ చెట్టు మీది ఆడపిట్టలందరిలోకీ పెద్దది నారమ్మ.

పెద్దదంటే మరీ పెద్దదేం కాదు, ఏడు తొలకరులు చూసింది. కానీ గిజిగాళ్ళలో అది పండు ముసలితనమే. తోక ఈకలు అరిగిపోయాయి, ఎడమ కన్ను మసకబారింది. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. చుట్టూ పిల్లపిట్టలు చేరితే చాలు, మా కాలంలో అని మొదలుపెట్టేది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోనీ అని అది చెప్పుకుంటూ పోయేది.

ఆ కాలంలో పెళ్ళిచూపులంటే అవి పెళ్ళిచూపులు. ఆడపిల్ల వచ్చి సగం గూటి నడుమ ఉన్న అల్లిక మీద కూర్చునేది. మగవాడి మొహం వైపు కన్నెత్తి చూసేది కాదు. ముందు కొమ్మకి కట్టిన ముడిని ముక్కుతో పట్టి ఒక్క లాగు. తర్వాత పక్క గోడ ఒక్క లాగు. ఆఖరున తన బరువంతా వేసి తలకిందులుగా వేలాడి ఒక్క లాగు. అప్పుడు కిందికి చూసేది, నీళ్ళున్నాయా నేలుందా అని. ఆ తర్వాత పడమటి గాలి ఎటునుంచి తగులుతుందో చూసుకునేది. అంతసేపూ ఆ మగపిట్ట ఊపిరి బిగబట్టుకుని ఉండేవాడు. అప్పుడే కోసుకొచ్చిన పచ్చిపరకల వాసన, ముడి బిగుసుకుంటున్నప్పుడు వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు నారమ్మకి ఇప్పటికీ నిన్నటివిలాగే ఉన్నాయి. తలుచుకుంటే కడుపులో చల్లగా ఉండేది, ఆ వెంటనే దిగులుగానూ ఉండేది. ఎందుకు లాగాలమ్మా అని తను తల్లిని అడిగితే, మా అమ్మ లాగింది కాబట్టి అని తల్లి చెప్పింది. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నారమ్మకి మిగిలింది ఒక్క మనవరాలు. పేరు పోచి. పోచి తల్లిని కిందటి వేసవిలో డేగ ఎత్తుకుపోయింది. ఆ పిల్లకిది తొలి తొలకరి. దాన్ని ఒక మంచి గూటికి చేర్చి, దాని గుడ్లు పిల్లలై ఎగరడం చూసి కళ్ళు మూస్తే చాలని నారమ్మ అనుకుంది. అంతకన్నా దానికి వేరే కోరిక లేదు.

ఆ ఏడు పుత్తడయ్య అనే కుర్ర మగపిట్ట ఒకడు వచ్చి పడ్డాడు. వాడి తల పసుపు చూస్తే కళ్ళు చెదిరిపోయేవి. పసుపున్నంత పని లేదు పాపం. మడుగు మీది కొమ్మల దాకా ఎగరడం ఎందుకులే అని పడమటి వైపు, గట్టు మీదికి వంగిన కిందికొమ్మ పట్టుకున్నాడు. పచ్చిపరకలు కోయడానికి బద్ధకించి, కింద రాలిన ఎండుగడ్డితోనే అల్లేశాడు. ఎండుగడ్డి ముడి నిలుస్తుందా? నాలుగు రోజులు గొంతు చించుకుని పిలిచినా ఒక్క ఆడపిట్టా తొంగిచూడలేదు.

చెట్టు కింద గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు కాకి కర్రెయ్య. కాకికి గుడ్లంటే ప్రాణమని వేరే చెప్పాలా. కానీ మడుగు మీద వేలాడే గూళ్ళు వాడికి కొరుకుడుపడవు. కింద నుంచి పొడుగాటి గొట్టంలో దూరితే తప్ప గుడ్లు అందవు. పైన నుంచి చీలుద్దామంటే పచ్చిపరక అల్లిక తెగదు. ఏళ్ళ తరబడి ఆ గూళ్ళని చూసి చూసి వాడి మెడలు పట్టేశాయి. పుత్తడయ్య గూడు కనబడగానే వాడి ప్రాణం లేచివచ్చింది. దానికి పెళ్ళి కుదిరితే చాలు, మొదటి గాలికే విందు వచ్చి తన కాళ్ళ ముందు పడుతుంది.

"ఒరే అబ్బాయ్, ఆడపిల్లలు గూడు చూసి వస్తారనుకుంటున్నావా?" అన్నాడు కర్రెయ్య. "ఇంకో ఆడపిల్ల ఎక్కడ కూర్చుందో చూసి వస్తారు. ముందు ఒకదాన్ని కూర్చోబెట్టు."

ఎక్కణ్ణుంచి తేవాలని వాడు బిక్కమొహం వేశాడు. ఆ ఏర్పాటూ కర్రెయ్యే చేశాడు. గడ్డిగింజలు తిని బతికే జినువాయి పిట్ట ఒకటి పక్క పొదలో ఉంటే, రోజూ గింజలు పెడతామని ఒప్పించి తెచ్చి పుత్తడయ్య గూట్లో కూర్చోబెట్టాడు. దూరం నుంచి చూస్తే ఆ గోధుమరంగు వీపు అచ్చం ఆడ గిజిగాడి వీపే. మధ్యాహ్నానికి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి పక్క కొమ్మ మీద వాలారు. వాళ్ళని చూసి ఇంకో ముగ్గురు వచ్చారు. సాయంత్రానికి ఆ కొమ్మ మీద చోటు లేదు. అందరూ తోసుకుంటుంటే ఇందులో ఏదో ఉందనుకుని మిగతావాళ్ళూ తోసుకున్నారు.

కర్రెయ్య వాళ్ళకి పెద్దమనిషిగా మారిపోయి ఉపదేశాలు మొదలుపెట్టాడు. గూడు లాగి చూడడం మోటుతనమట. ముడిని అనుమానించడమంటే మగవాణ్ణి అనుమానించడమేనట. తల పసుపుంటే గుండె కూడా పసిడేనట. లోపల కూర్చున్నది ఇంకా సరేనని చెప్పలేదట, మర్నాడు పొద్దున్న ఎవరు ముందు లోపలికి దిగితే వాళ్ళదే ఆ గూడని తీర్పు కూడా చెప్పేశాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గదా, వాడు అప్పటికి పది దాకా వచ్చాడు.

ఆ సాయంత్రం పోచి ముఖం వెలిగిపోతూ అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. తెల్లవారగానే అందరికన్నా ముందు తనే దిగుతానంది.

"లాగి చూశావా?" అంది నారమ్మ.

"లాగకూడదట అమ్మమ్మా. అయినా అంతమంది వచ్చారు, వాళ్ళందరూ పిచ్చివాళ్ళా?"

నారమ్మ జరిగి పోచి పక్కకి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనని మాట బయటపెట్టింది. తన మొదటి తొలకరికి తనూ ఒక పసుపు తల చూసే వెళ్ళిందట. ఆ తల గుర్తొస్తే ముసలి గుండె ఇవాళ్టికీ ఒక్కసారి తడబడుతుందట. వాడు ఎగిరొచ్చి వాలితే కొమ్మ మీద ఎండ వాలినట్టు ఉండేదట. మూడు గుడ్లు పెట్టింది. పడమటి గాలి వచ్చిన రోజు గూడు ఊడి గట్టు మీద పడింది. కాకులు వచ్చాయి. తను పైన కొమ్మ మీద కూర్చుని అరుస్తూ చూసింది. అంతే, ఇంకేం చెయ్యలేకపోయింది.

"నాతోపాటు ఆ ఏడు ఇంకో నలుగురు అలాగే వెళ్ళారే" అంది నారమ్మ. "వాళ్ళ పిల్లలెవరో, మనవరాళ్ళెవరో ఈ చెట్టు మీద ఒక్కళ్ళని చూపించు. లేరు. మరుసటి ఏటికి నేను బతికున్నాను కాబట్టి మళ్ళీ చూసుకున్నాను, లాగి మరీ చూసుకున్నాను. మీ అమ్మ పుట్టింది, నువ్వొచ్చావు. ఇక్కడ ఉన్నవాళ్ళంతా లాగి చూసుకున్న తల్లుల పిల్లలే. ముడి కనబడితే నీ ముక్కు దురద పెడుతుంది చూడు, అది నేను నేర్పింది కాదు. బతికిన పిల్లల తల్లులంతా కలిసి నీకిచ్చిపోయిన దురద."

"మరి మొదటి ఏడు నీకా దురద లేదా?"

"ఉంది. నలుగురూ నవ్వుతారని అణుచుకున్నాను."

పోచి కళ్ళు దించుకుంది. కానీ నిర్ణయం మార్చుకుందని అనుకోకండి. వయసులో ఉన్నది ఒక్క పూటలో మాట వింటే అది వయసెందుకవుతుంది. ముసలిదాని మాటలతో ఇది తెగే వ్యవహారం కాదని నారమ్మకి అర్థమైంది. వీళ్ళు చెబితే వినరు, పక్కవాళ్ళు ఏం చేస్తే అది చూస్తారు. సరే, చూపిద్దాం అనుకుంది.

తెల్లారేసరికి కొమ్మంతా పెళ్ళికూతుళ్ళే. పోచి అందరికన్నా ముందు నిలబడింది. కర్రెయ్య గొంతు సవరించుకుంటుండగా నారమ్మ మెల్లగా ఎగురుకుంటూ వచ్చి ఎదురుగా వాలింది. తిడుతుందేమోనని అందరూ చూశారు. అది ఎంతో మర్యాదగా మాట్లాడింది. కాకయ్య చెప్పిందే సబబు, ఆడపిల్లలు లాగడం మోటే, ఇవాళ్టినించి మానేస్తాం అంది. కాకపోతే తూర్పు కొమ్మ మీద ఓబన్న అనేవాడు పాతకాలపు పద్ధతిలో ఒక గూడు అల్లాడు, అది ఉత్త దండగని పిల్లలకి ఒకసారి చూపిస్తే వాళ్ళ భ్రమలు పోతాయి, ఆ పుణ్యం కూడా కట్టుకోమంది.

ఓబన్నంటే మూడేళ్ళుగా అక్కడే అల్లుతున్న నెమ్మదస్తుడు. తల పసుపు వెలిసిపోయింది. పిలవడం కూడా సిగ్గుగా పిలుస్తాడు. కర్రెయ్యకి ఆనందం పట్టలేదు. గిట్టని గూటిని పదిమంది ముందూ చీల్చి పారేసే అవకాశం తనంతట తనే వచ్చింది. ఇంకా సగం గూడే గదా, ఊడకపోతుందా అనుకుని ఎగిరి వెళ్ళి ఓబన్న గూటి మీద దబ్బున వాలాడు. ముడి పట్టి ఒక్క లాగు లాగాడు. గూడు ఊగింది. గోడ పట్టి పీకాడు. ఊగింది. కాళ్ళతో వేలాడి, బరువంతా వేసి, మెడనరాలు ఉబ్బేలా లాగాడు. ఊగీ ఊగీ ఆగింది గానీ ఒక్క పరక ఊడలేదు. వాడి ముక్కే అల్లికలో ఇరుక్కుని, తీసుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. ఓబన్న పక్కనే ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. కొమ్మ మీది పిల్లలు మెడలు చాచి ఇటే చూస్తున్నారు.

"పాతదే ఇంత బరువు మోసిందంటే నువ్వు మెచ్చిన కొత్తది ఇంకెంత మొయ్యాలి" అంది నారమ్మ. "ఒక్కసారి దాని మీదా కూర్చుని లే, కాకయ్యా. నీ మాట నమ్మి మా పిల్లలు లోపలికి దిగబోతున్నారు."

అటు నుయ్యి, ఇటు గొయ్యి. తనకి నడుం నొప్పన్నాడు. వేరే ఊళ్ళో పనుందన్నాడు. పెళ్ళికూతురు కూర్చోవలసిన చోట కాకి కూర్చుంటే అశుభమన్నాడు.

అప్పటిదాకా నోరెత్తని పోచి ఒక్క మాట అంది. "మమ్మల్ని కూర్చోమన్న చోట నువ్వెందుకు కూర్చోవు?"

ఇక తప్పలేదు. రెక్కలు కొట్టుకుంటూ బరువు వెయ్యకుండా పైపైన కాలు ఆనించి లేచిపోదామని కర్రెయ్య లెక్క. కానీ లోపల కూర్చున్న జినువాయికి ఆ లెక్క తెలియదు. నెత్తిమీద కాకి నీడ పడగానే అది ప్రాణభయంతో కెవ్వుమని బయటికి దూసుకొచ్చింది. అది వచ్చి మొహానికి తగిలేసరికి కర్రెయ్య రెక్కలు ఆగిపోయాయి, బరువంతా గూటి మీద పడింది. ఎండుగడ్డి పుటుక్కుమంది. కాకీ గూడూ కలిసి గట్టు మీది పల్లేరుకాయల్లో పడ్డాయి. తలకి గడ్డి తగిలించుకుని, ఒళ్ళంతా ముళ్ళతో కర్రెయ్య కుంటుకుంటూ లేచాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. తలతన్నేది ఒక మసక కంటి ముసలిదని వాడు కలలో కూడా అనుకోలేదు.

జినువాయి పక్క కొమ్మ మీద వాలి ఆయాసపడుతూ, గింజలు పెడతామంటే కూర్చున్నాను గానీ మీ పెళ్ళిళ్ళ గొడవ నాకు తెలియదని మొత్తుకుంది. అప్పుడు దాని ముక్కూ రంగూ దగ్గరగా చూసి, ఇది అసలు మన జాతే కాదని పిల్లలకి తెలిసింది. కొందరు పగలబడి నవ్వారు, కొందరు సిగ్గుతో ఎగిరిపోయారు.

పోచి నవ్వలేదు. తిన్నగా ఓబన్న గూటికి వెళ్ళి నడుమ అల్లిక మీద కూర్చుంది. ముడి ఒక్క లాగు. గోడ ఒక్క లాగు. తలకిందులుగా వేలాడి ఒక్క లాగు. కాకి లాగాక కూడా ఇంకా లాగాలా అని ఎవరో అన్నారు. కాకి లాగింది కాకి కోసం, ఇది నా కోసం అంది పోచి. నారమ్మ దూరం నుంచి చూస్తోంది. తల్లి, కూతురు, తన చిన్నతనం అన్నీ ఆ ఒక్క కొమ్మ మీదే ఊగుతున్నట్టు అనిపించి కళ్ళు తుడుచుకుంది.

వెళుతూ వెళుతూ అది పుత్తడయ్య దగ్గర ఆగింది. వాడు తల వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆ తల మీద ఎండ పడి మెరుస్తోంది, ఎంత వద్దనుకున్నా ముసలి గుండె తడబడనే తడబడింది. అందం నీ తప్పు కాదురా అయ్యా, రేపు పచ్చిపరకలు కోసుకురా, మా వాళ్ళు ఎక్కడెక్కడ లాగుతారో చెబుతాను అంది. వాడు వెళ్ళాడు కూడా.

పడమటి గాలి ఆ నెలాఖరున వచ్చింది. పగలంతా చెట్టుని వంచి వంచి కొట్టింది. కర్రెయ్య గట్టు మీద తడుస్తూ, నోరు తెరుచుకుని పైకే చూస్తూ కూర్చున్నాడు. నోట్లో వాన తప్ప ఇంకేం పడలేదు. పోచి పిల్లలు ముగ్గురూ శ్రావణం వెళ్ళేలోగా ఎగిరారు. నారమ్మ చూసింది. మరుసటి తొలకరికి నారమ్మ లేదు.

ఆ తొలకరికి పోచి కూతురు పెళ్ళిచూపులకి వెళ్ళింది. ఎవరూ దానికి ఏమీ చెప్పలేదు. సగం గూటి మీద వాలి, కాసేపు తల పక్కకి వంచి చూసి, ముక్కుతో ముడి పట్టుకుని లాగింది. కింద గట్టు మీద కాచుకుని ఉన్న కర్రెయ్య అది చూసి, ఇక ఈ చెట్టు మీద తనకి నూకలు చెల్లాయని వాగు దాటి వెళ్ళిపోయాడు.

పదిమందీ తోసుకున్న సంబంధం కాదు, తన ముక్కుతో లాగి చూసుకున్నదే సంబంధం.