రెండు రేవుల పాట

మా జ్ఞానరత్నం అయ్యగారిని ప్రశ్న అడిగినవాడు జవాబు పట్టుకుని వెంటనే లేచిపోవడం నేనెన్నడూ చూడలేదు. ఏదో వచనం చూపిస్తారని మనం అనుకుంటామా, ఆయన చేతిలో ఉన్న బైబిలు కూడా మూసి పక్కన పెట్టేవారు. "కూర్చో నాయనా, నీకో సంగతి చెప్పాలి" అనేవారు. నిజం చెప్పొద్దూ, పాస్టర్ల శిక్షణ బడిలో ఆయన చెప్పే పాఠాలకంటే ఆ సంగతులే మాకు ఎక్కువ ఒంటబట్టాయి.

ఎలీషా అడిగిన రోజు సంగతి మాత్రం చెప్పి తీరాలి. మా అందరిలోకీ చురుకైనవాడు ఎలీషా, కాస్త తొందర మనిషి. చదువు పూర్తవకుండానే ఒక చిన్న సంఘాన్ని అతనికి అప్పగించారు. అక్కడ అడుగు పెట్టాడో లేదో రగడ మొదలైంది. పెద్దలేమో హార్మోనియం, డోలకు పెట్టుకుని పాత కీర్తనలే పాడాలంటారు. కుర్రకారేమో కీబోర్డు, డ్రమ్ములు, కొత్త పాటలు ఉంటే తప్ప గుడి గుమ్మం తొక్కమంటారు. ఆదివారం ఆరాధనలో తీర్పు చెప్పాలని రెండు పక్షాలవాళ్ళూ ఎలీషా పీక మీద కూర్చున్నారు. ఎటు చెప్పినా రెండోవాళ్ళు లేచిపోయి వేరే పాక వేసుకోవడం ఖాయం. పాపం, మొదటి సంఘం! శనివారం పొద్దున్నే బస్సు దిగి, మొహమైనా కడుక్కోకుండా అయ్యగారి వరండాలోకి వచ్చి పడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. దేవుడి ఆరాధనకి ఏ సంగీతం తగింది? పాతదా, కొత్తదా? లేదూ, పాటలే వద్దు, వాక్యం చాలు అని చెప్పేస్తే ఏ గొడవా ఉండదు కదండీ?"

అయ్యగారు బైబిలు మూశారు. మాకు ప్రాణం లేచొచ్చింది. లోపల పుస్తకాలు సర్దుకుంటున్నవాళ్ళం కూడా వచ్చి గడప మీద చేరాం.

ఆయన కుర్ర పాస్టరుగా ఉన్న రోజుల మాటట. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక లంక ఊరు ఉంది. అక్కడి సంఘపెద్ద అహరోను గారు. హార్మోనియం ముందు కూర్చున్నారంటే ఆయనకి లోకం అక్కర్లేదు. ఆయన కొడుకు తీతు. అతనికి గిటారు ప్రాణం. ఆ తీతుకి అవతలి ఒడ్డు పిల్ల కెజీయాతో పెళ్ళి కుదిరింది. లంకలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడల్ని రేవులో పాటతో దించుకోవాలి. పడవ కనిపించక ముందునుంచీ పాట ఎత్తాలి, పిల్ల కాలు నేలకి తగిలేదాకా ఆపకూడదు. పాట లేకుండా దిగిన కోడలంటే ఆ ఇంటికి ఎంత చిన్నతనమో!

అయితే ఏ పాట? అక్కడ వచ్చింది తంటా. తరతరాల నుంచి వస్తున్న కీర్తన ఉండగా ఇంకో మాటేమిటన్నారు అహరోను గారు. నా పెళ్ళికి నా పాట కాకపోతే ఇంకెప్పుడన్నాడు తీతు. తండ్రీకొడుకులకి మాటలు ఆగిపోయాయి. ఊళ్ళో సంఘం నిలువునా చీలింది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, గుడి దగ్గర పాత రేవులో పెద్దలు హార్మోనియంతో నిలబడాలి, ఊరికి ఆ కొసన కొత్త రేవులో కుర్రాళ్ళు మైకుసెట్టుతో నిలబడాలి. పడవ ఎవరి రేవుకి వస్తే వాళ్ళ పాట నెగ్గినట్టు. పెళ్ళికూతురు వస్తోందా, పందెం పడవ వస్తోందా?

పెళ్ళినాడు తెల్లారేసరికి పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించని మంచు. అవతలి ఒడ్డున పెళ్ళికూతురు, ఆమె మేనమామ యోనాతాను, స్నేహితురాళ్ళు, చుట్టాలు, వాళ్ళతో పాటు పెళ్ళి జరిపించాల్సిన మన అయ్యగారు పడవెక్కారు. వెళ్ళగలమా అని అడిగితే పడవ నడిపే గంగరాజు నవ్వేశాడట.

"మంచేం సేత్తాదండీ? ఆళ్ళ పాట ఇనపడితే సాలు, కళ్ళు మూసుకుని అట్టుకెళ్ళిపోతాను."

నది మధ్యకి వచ్చారో లేదో, పాట వినిపించింది. అబ్బ, పడవలో ఏం సంబరం! అంతలోనే రెండో పక్క నుంచి ఇంకో పాట. యోనాతాను లేచి నిలబడ్డాడు. "అటు పోనియ్యి గంగరాజూ, అటు! ఒళ్ళు పులకరించడం లేదూ? అదయ్యా దేవుడి పాటంటే!" గంగరాజు పడవ అటు తిప్పాడు. స్నేహితురాళ్ళు ఊరుకుంటారా? "ఇటు బాబాయ్, ఇటు! మనం పోయేది పెళ్ళికా, సమాధి కార్యక్రమానికా?" అని కేకలు. గంగరాజు ఇటు తిప్పాడు. మేనమామ మళ్ళీ అటన్నాడు. ఒడ్డున వాళ్ళకేమో ఒకరి పాట ఒకరికి వినిపిస్తోంది. వాళ్ళు మైకు పెంచితే వీళ్ళు గొంతు పెంచారు. వీళ్ళు డోలకు దంచితే వాళ్ళు చప్పట్లు దంచారు. నీళ్ళ మీదికి వచ్చేసరికి రెండూ కలిసిపోయి ఎటు నుంచి ఏది వస్తోందో తెలియని రొద ఒకటే మిగిలింది. కాసేపటికి అన్ని వైపుల నుంచీ పాటే!

ఈ తిప్పుడులో ఆటు మొదలైంది. నీరు సముద్రం వైపు లాగడం మొదలుపెట్టింది. గంగరాజు పడవ నెట్టే గెడ వేశాడు. అడుగు అందలేదు. ఇంకో పక్క వేశాడు. అక్కడా అందలేదు. అతని మొహం పాలిపోవడం అయ్యగారు చూశారు. అప్పుడు వినిపించింది, మొగ హోరు. నది వెళ్ళి సముద్రంలో పడే చోటది. ఆటు వేళ అక్కడ చిక్కుకున్న పడవని కెరటాలు బోర్లించి ఇసుక మేటలకేసి కొడతాయి. మేనమామ అప్పటికీ "అటే, అటే" అంటున్నాడు.

"నోరు ముయ్యి మామయ్యా!" అంది కెజీయా. పెళ్ళి ముసుగు తీసి పక్కన పడేసింది. పడవ అంచు పట్టుకుని నిలబడి, గొంతు చించుకుని "తీతూ!" అని ఒక్క అరుపు అరిచింది. మళ్ళీ అరిచింది. మళ్ళీ.

కొత్త రేవులో తీతు చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడట. తన పేరు వినపడింది. ఎదురుగా నది మీంచి కాదు, దిగువ నుంచి, మొగ వైపు నుంచి! గిటారు అక్కడే పడేశాడు. మైకు కట్టేయించి గట్టు మీద పరుగు లంకించుకున్నాడు. అతని వెనకాల కుర్రాళ్ళందరూ. పాత రేవులో అహరోను గారికి మైకు ఆగిపోవడం వినిపించింది. నెగ్గామనుకుని ఒక్క క్షణం పొంగిపోయారు. ఆ క్షణంలోనే ఆయనకీ ఆడపిల్ల కేక వినిపించింది. హార్మోనియం మీంచి చెయ్యి తీసి, పట్టు పంచె ఎగ్గట్టి, ఆ వయసులో ఆయనా పరుగే! పట్టుచీరలు, పూలదండలు, మంచులో ఒకరినొకరు గుద్దుకుంటూ ఊరు ఊరంతా దిగువకి పరిగెత్తింది. మైకుసెట్టు మోసుకొచ్చే తీరిక ఎవరికుంది? హార్మోనియం సంగతి గుర్తున్నదెవరికి?

పడవలో వాళ్ళకి ఇదేమీ తెలియదు. రెండు పాటలూ ఒక్కసారిగా ఆగిపోయాయి, అంతే తెలుసు. హోరు ఒక్కటే దగ్గరకొస్తోంది. గంగరాజు ఏడుపు గొంతుతో మంచులోకి అరిచాడు.

"పాడండి బాబూ! ఏదోటి పాడండి! మీకు దణ్ణం పెడతాను, పాడండి!"

ఇక్కడికి వచ్చేసరికి అయ్యగారు చేతులు చాచి మాకు చూపించారు. ఆయన చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత! మేం గడప దాటి ఆయన దగ్గరికి జరిగాం.

పాట లేచిందట. ఒక్క చోట నుంచి, ఊరి గొంతులన్నీ కలిసి. వాయిద్యం లేదు, మైకు లేదు, చప్పట్లే తాళం. కొందరికి శ్రుతి కలవలేదు, కొందరికి ఆయాసంలో మాట పలకలేదు, అయినా ఎవరూ ఆపలేదు. గంగరాజు గెడ పడేసి తెడ్డు అందుకున్నాడు. రెండో తెడ్డు మన అయ్యగారు పట్టుకున్నారు. మేనమామ పెళ్ళి పళ్ళేల్లో ఒకటి తీసి దాంతో నీళ్ళు తోశాడు, స్నేహితురాళ్ళు చేతులతోనే తోశారు. తోస్తూ వాళ్ళూ గొంతు కలిపారు. పాట దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. మంచులో మనుషుల నీడలు కనిపించాయి. కొత్త బట్టలతో తీతు మొలలోతు నీళ్ళలోకి దిగి ఉన్నాడు. అతనికంటే ముందు, రొమ్ములోతు నీళ్ళలో, పాడుతూనే పడవ ముక్కు పట్టుకున్నారు అహరోను గారు. కోడలి కాలు ఇసుకకి తగిలేదాకా ఎవరూ ఆపలేదు.

"తడిబట్టలతోనే పెళ్ళి చేశాను" అన్నారు అయ్యగారు. "అంత ఆనందంగా నేను చేసిన పెళ్ళి ఇంకోటి లేదు."

ఎలీషా ఎప్పుడు లేచాడో లేచి నిలబడి ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు, మొహమంతా వెలుగు. కానీ మనవాడి తొందర ఎక్కడికి పోతుంది?

"ఇంతకీ ఏ పాట అయ్యగారూ అది? అహరోను గారి కీర్తనా, తీతు పాటా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు, రేపు ఆరాధనలో అదే పాడిస్తాను!"

అయ్యగారు అతని వంక చూసి నవ్వారు.

"నేను పడవలో ఉన్నాను నాయనా. నాకు ఒడ్డు వినిపించింది."