జేజి కట్టని చీరలు

అనగా అనగా, రోళ్ళు చెక్కే ఊరొకటుండేది. ఆ ఊళ్ళో ఒకనాడు పొద్దున్నే ఒక గేదె నీళ్ళలో మూతి పెట్టబోయి, తాగకుండా తల పైకెత్తేసింది. అది చూసి, పక్కనే బిందె ముంచబోతున్న సుంకులమ్మ ఆగిపోయింది. బురదనైనా జుర్రుకునే జాతి కదా, అదే వద్దంటే ఇక మనిషి తాగొచ్చా?

సుంకులమ్మెవరంటారా, ఓబుళమ్మ అనే ఆవిడకి ఒక్కగానొక్క కోడలు. మొగుడు తిరగళ్ళు బండికెత్తుకుని ఊళ్ళెంట అమ్ముకొచ్చేవాడు, ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. ఆ ఊళ్ళో బావి లేదు. తాతల నాడు రాయి తీసీ తీసీ వదిలేసిన గొయ్యి ఒకటుంది, ఏడు నిచ్చెనల లోతు. అందులో వాన పడీ పడీ నీళ్ళు నిలిచాయి. ఊరంతటికీ అవే నీళ్ళు. ఊ కొట్టండర్రా, ఊ అనకపోతే కథ దారి తప్పుద్ది.

ఆ గొయ్యిలో ఒక దెయ్యం కూడా ఉందట. దగ్గరికి జరక్కు, మంచి దెయ్యమే. ఓబుళమ్మ వాళ్ళ అత్తగారు, రాయి కొడుతూ అందులోనే పోయింది. ఊరంతా ఆవిణ్ణి జేజి అనేవాళ్ళు.

ఇందాక గేదె తల ఎత్తేసిందన్నానే, ఆ పొద్దునే గొయ్యి ఉన్నట్టుండి ఎర్రగా అయింది. పెద్దలు కూచుని, జేజికి ఎర్రచీర మీద మనసైందన్నారు. ఒక ఎర్రచీరకి రాయి కట్టి నీళ్ళలో వేశారు. మర్నాడు గొయ్యి నీలంగా అయింది. ఓహో, నీలం కావాలేమో. ఎర్రదిస్తే నీలం, నీలమిస్తే పచ్చ, పచ్చనిస్తే వంగపండు రంగు. ఊళ్ళో ఆడవాళ్ళకి మార్చుకోను రెండో చీర లేదు, జేజికి మాత్రం పెట్టె పట్టనన్ని. నవ్వకండి, పాపం వాళ్ళకి తెలీక.

చీరలు పోతే పోయాయి. ఓబుళమ్మ రోజూ ఆ నీళ్ళే తాగేది. కోడలు రెండు కోసులు నడిచి వాగు నీళ్ళు తెచ్చినా ముట్టేది కాదు. మనమే తాగకపోతే మా అత్త ఇంకా అలుగుద్దనేది. తాగీ తాగీ మనిషి పుల్లలా అయింది, అన్నం సయించదు, కడుపులో మంట. సుంకులమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. అత్తే తల దువ్వేది, అత్తే జడేసేది. ఈవిడ కూడా పోతే నాకెవరని గడప మీద కూచుని ఏడ్చింది.

ఏడిస్తే పనవుద్దా? కళ్ళు తుడుచుకుని ఆలోచించింది.

ఆ దేశపు రాజుకి తలపాగాల పిచ్చి, రోజుకో రంగు. ఆయన కోసమని ఈ ఊరి పైనున్న కొండ మీద బట్టలకి రంగులద్దే రంగుల కొట్టం పెట్టారు. ఇవాళ దొరవారిది ఫలానా రంగని ఊరూరా దండోరా వేసేవాళ్ళు. సుంకులమ్మ గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఎరుపని దండోరా పడిన మర్నాడు గొయ్యి ఎరుపు. నీలమన్న మర్నాడు నీలం. వారం చూసినా ఒక్కరోజు తప్పలేదు.

వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూచుంది.

"అత్తా, జేజి నిన్నెట్టా చూసుకునేది?"

"కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేదే."

"మరి అట్టాంటి మనిషి నీ కడుపులో మంట పెడుద్దా?"

ఓబుళమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. కోడలు గోడ మీద బొగ్గుతో రాసిందంతా చూసింది. తర్వాత, "నా సుత్తి ఇటందుకో సుంకీ" అంది.

ఆ ఊరివాళ్ళు రాయిని చెవితో చూస్తారు. నిండురాయి ఖంగుమంటది, బోలురాయి బొద్దుమంటది. కోడలి భుజం పట్టుకుని ఓబుళమ్మ గొయ్యి చుట్టూ కొట్టుకుంటూ నడిచింది. ఖంగు, ఖంగు, ఖంగు, బొద్దు. అక్కడ తవ్వితే రాతి సందులో దొంగకాలువ. పైనున్న రంగుల కొట్టానికి పెద్దగా ఉన్నవాడు, మిగిలిన రంగునీళ్ళు పారబొయ్యను తవ్వించుకున్నాడు.

ఊరంతా కలిసి రోలంత రాయి చెక్కి, బంకమట్టి మెత్తి, ఆ కాలువకి బిరడా కొట్టారు. ఇటు దారి లేని నీళ్ళు ఏం చేస్తాయి? కొట్టం నింపాయి, కొట్టం నిండి కొండకి అటువైపు దిగాయి, దిగి తోటలోకి, తోటలోంచి రాజుగారి స్నానాల కొలనులోకి. తెల్లగా దిగిన రాజు వంకాయలా లేచాడు. పీచుతో రుద్దితే పోదు, సున్నిపిండితో రుద్దితే పోదు.

కోపంగా గుర్రమేసుకుని వచ్చాడు. మేం ఎవరికీ రంగు పుయ్యలేదు దొరా, మీ నీళ్ళు మీ ఇంటికొచ్చాయంతే అని సుంకులమ్మ దణ్ణం పెట్టి చెప్పింది. పక్కనుంచి ఓబుళమ్మ నెమ్మదిగా అంది:

"మీకు ఒంటికే అంటింది నాయనా. మాకు లోపలికి పోయింది."

రాజు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. కొట్టం మూయించాడు. మళ్ళీ తెరిచేది ఈ పిల్ల సరేనంటేనే అన్నాడు.

మరి గొయ్యి బాగవ్వాలంటే మాటలా? మూడు ఎండాకాలాలు పట్టింది. ఇద్దరిద్దరు అంచెలంచెలుగా నిలబడి గూడబుట్టలేసి నీళ్ళు తోడి సున్నపు తొట్లలో పోశారు. సున్నం రంగుని పట్టింది, రంగు మడ్డిని పట్టింది, మడ్డి అడుగుని పట్టింది, పైన తేట తేరింది. ఆ తేటని ఇసకలోంచి వడగట్టారు. మడ్డిని ఎండబెట్టి, బంకమట్టి పరిచిన గోతిలో పూడ్చారు. అడుగున చీరలు దొరికాయి, కట్టిన రాళ్ళు కట్టినట్టే, మడత విప్పకుండా. ఓబుళమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని, మా అత్త ఏనాడూ ఒకటి అడిగిన మనిషి కాదర్రా అంది. ఆ మూడేళ్ళూ వాగునీళ్ళు తాగి తను కూడా కోలుకుంది. ఊ అంటున్నారా?

మూడో వానకి గొయ్యి నిండింది. అప్పుడొచ్చాడు రంగుల కొట్టం పెద్ద, చేతులు కట్టుకుని. మా పనివాళ్ళు పస్తులుంటున్నారమ్మా, కొండవతల ఇంకో పాత గొయ్యుంది, చుట్టూ ఊళ్ళేం లేవు, అందులో పోసుకుంటాం, సరే అనమన్నాడు. సుంకులమ్మ రెండు వైపులా లెక్కేసుకుంది. కాదంటే ఆ పనివాళ్ళ పిల్లల కడుపులు కాలతాయి. సరేనంటే ఆ నీళ్ళు మట్టికింద ఏ దారిన ఎవరి దగ్గరికి పోతాయో. అత్త వంక చూస్తే, నువ్వే చెప్పమంది.

ఇప్పుడు మీరు చెప్పండి. ఏం చెయ్యమంటారు ఆ పిల్లని?

ఏమ్మా బుజ్జీ? సున్నపు తొట్లు కొట్టంలోనే కట్టుకోమనాలా? తేరిన నీళ్ళతోనే మళ్ళీ రంగెయ్యమనాలా? నా తల్లే. అదే చెప్పింది సుంకులమ్మ కూడా. అట్టాగే కట్టుకున్నారు, వాళ్ళూ తిన్నారు, వీళ్ళూ తాగారు, అంతా చల్లగా ఉన్నారు. పారబోసిన నీళ్ళకి కాళ్ళుంటాయమ్మా, ఎవరో ఒకరింటికి నడిచిపోతాయి. కథ కంచి బండెక్కేసింది, మీరిక నా కొంగొదిలి పక్కెక్కండి.