సుంకులక్కకు ఇచ్చిన తప్పు పేరు

ఎప్పుడని అడగొద్దు, ఏ రాజు కాలమని అడగొద్దు. మా జేజి చెప్పింది, నేను విన్నాను, మీకు చెబుతున్నాను.

కొండల నడుమ ఓ మెట్టసీమ. అక్కడ ముగ్గురు మగవాళ్ళు వంశాలు చెప్పి బతికేవాళ్ళు. పంట నూర్చగానే కళ్ళంలో నిలబడి ఆ ఇంటివాళ్ళ ఏడు తరాలూ పాడేవాళ్ళు. రైతు చేటెడు జొన్నలు పోసేవాడు. ముగ్గురికీ పేర్లు రాసుకున్న మూడు తాటాకు కట్టలు. ఒకడు వస్తుంటే ఇంకొకడు తన కట్ట మూటకట్టేసేవాడు.

నాలుగో మనిషి సుంకులక్క. మొగుడు లేడు, కట్ట లేదు, చదువు లేదు. తిరగలి దగ్గర ముసలమ్మల పక్కన కూర్చుని, ఏ తల్లి ఎవర్ని కన్నదో, ఏ ఆడబిడ్డ ఏ ఊరు పోయిందో అడిగి నేర్చుకుంది. ఎవరడిగినా చెప్పేసేది. ఏ పేరు తనకెవరిచ్చారో అదీ చెప్పేది.

"ఉన్నదంతా పంచేస్తే నీకేం మిగులుతాదే?" అన్నాడు ముగ్గురిలో పెద్దవాడు గంగన్న.

"చెప్పినాక కూడా నాకు గుర్తుంటాది కదన్నా!" అని నవ్వింది.

ఆ నవ్వు గుచ్చుకుంది. గంగన్న పాడితే జనం ఆవులించేవాళ్ళు. సుంకులక్క పాడితే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు. గంగన్న కళ్ళలో కారం పడ్డట్టుండేది. మొదటి ఏడు ఓర్చుకున్నాడు. రెండో ఏడు ఓర్చుకున్నాడు. మూడో ఏడు ఓర్చుకోలేకపోయాడు.

"సుంకులూ, పెద్దింటోళ్ళ మూలపురుషుడి పేరు నా ఆకులో ఉంది. మారెప్ప. తీసుకో" అన్నాడు.

అది తప్పు పేరు. మారెప్ప ఆ ఇంటి పగవాడు.

సుంకులక్క కళ్ళు మెరిశాయి. "ఇన్నాళ్ళకు నాకూ ఓ పేరిచ్చినావన్నా!" అంది.

పెద్దింటోళ్ళ కళ్ళంలో ఆ పేరు పాడింది. పెద్దింటి అవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"ఆపవే! మా జేజబ్బను పొడిచి చంపినోడి పేరది! ఎవరిచ్చినారే నీకు?"

గంగన్న అక్కడే ఉన్నాడు. సుంకులక్క అతనికేసి ఒక్కసారి చూసింది. వెన్నెలంత మెత్తగా చూసిందట, మా జేజి అనేది. అర్థమైపోయింది ఆమెకు.

"ఎవరూ ఇయ్యలేదవ్వా. తప్పు నాది" అంది.

ఆ పైన ఒక కళ్ళం పిలవలేదు. రెండో కళ్ళం పిలవలేదు. మూడో కళ్ళం పిలవలేదు. ఆ ఎండాకాలమే సుంకులక్క పస్తులతో కన్నుమూసింది.

ఆమె పోయిన మూడోనాడు గంగన్న ఊరి నడుమ కూర్చుని, మిగతా ఇద్దరి ముందు తన కట్ట విప్పాడు. చేసిన పనంతా చెప్పాడు.

"పోయిన మనిషి మీద ఇంకా కుళ్ళు ఉందా నీకు?" అంది పెద్దింటి అవ్వ.

"ఉందవ్వా" అని ఏడ్చాడు గంగన్న. "నా తప్పును కూడా నాకు లేకుండా ఎత్తుకుపోయింది."

ఆ మాటకు మిగతా ఇద్దరూ తమ కట్టలు విప్పారు.

ఆ సీమలో వంశం చెప్పేవాళ్ళు ఇవాళ్టికీ ముందు కావాలనే ఒక తప్పు పేరు పలికి ఆగుతారు. పిల్లలు కిసుక్కుమంటారు. ఇంటి పెద్దావిడ "కాదు!" అని గద్దిస్తుంది. అప్పుడు పాడేవాడు తలవంచి, "తప్పు నాది, సుంకులక్కా" అంటాడు. అనకపోతే అసలు పేరు పాడనివ్వరు.