సాలెపేట తోట

సాలెపేట వాళ్లు సంఘంగా కూడి, పేట చివరి చెత్తదిబ్బ ఎత్తిపోసి, గుంతలు పూడ్చి, అందరూ కూర్చునేందుకు తోట వేసుకున్నారు. మొక్కలు పూతకొచ్చేసరికి దండనాయకుడు భటులతో దిగాడు.

"ఈ స్థలం మా తాతలనాటిది. రేపటికల్లా ఖాళీ చెయ్యండి!"

సంఘం పెద్ద గవరమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"బతికించారు దొరా! నిరుడు ఇక్కడి గుంతలో పడే కదా రాజుగారి గుర్రం కాలు విరిగింది? స్థలం ఎవరిదో చెప్పమని ఆయన మమ్మల్ని నిలదీస్తూనే ఉన్నారు. మీరొచ్చి ఈ మాటే చెప్పండి."

దండనాయకుడు తడబడ్డాడు. "ఇది... మాది కాదేమో."

"ఆ ముక్కే రాసివ్వండి దొరా."

రాసివ్వక తప్పలేదు. గవరమ్మ ఆ తాటాకు రాజుగారికి చూపించి, సొంతదారు లేని ఆ స్థలాన్ని పేట పేరిట రాయించుకొచ్చింది.