పడమటి వైపు వేసిన ఆకు

రాళ్లమిట్ట అడవిలో ఒక కట్టుబాటు ఉంది. బయటినుంచి వచ్చినవాళ్లు అక్కడ బొరియ తవ్వుకోవాలంటే ఏడో రోజుకల్లా "వీళ్లు నాకు తెలుసు, నాదే పూచీ" అనే సాక్షిని ఎలుగుబంటి భూషయ్య ముందు నిలబెట్టాలి. సాక్షి దొరక్కపోతే వచ్చిన దారినే పోవాలి. దొరికితే ఏడాదిపాటు ఆ సాక్షి మాట వినాలి. ఇదేం న్యాయమని నన్నడక్కండి, పెట్టింది నేను కాదు.

ఆనకట్ట నీళ్లలో ఊరి గుట్ట మునిగిపోతే, ముళ్లపంది పోలమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఏరు దాటి అక్కడికొచ్చింది. తొలకరి దగ్గర పడింది. బొరియలో చేరకముందే వాన పట్టుకుంటే పిల్లలు దక్కరని ఆమెకు తెలుసు.

గట్టెక్కుతుండగానే నక్క తాతారావు ఎదురయ్యాడు.

"ఎంత కష్టమొచ్చింది చెల్లెమ్మా. నీకు సాక్షిని నేనున్నాగా."

"ఊరికేనా అన్నా?"

"ఊరికేలే. నాకో బొరియ తవ్విపెట్టు. మా అత్తగారికొకటి. మరదళ్లకు మూడు. అంతే."

"మా పిల్లలకెప్పుడు తవ్వుకోను?"

"తీరిక దొరికినప్పుడు."

"ఆలోచించుకుంటా," అని పోలమ్మ ముందుకు నడిచింది.

మిట్ట మీద పొద్దుపొడుపు కూటమి ఉంది. రైతు వదిలేసిన ముసలి ఎద్దు సోమన్న దానికి పెద్ద. కౌజుపిట్టలు, ఉడుతలు, ఓ తాబేలు రోజూ తెల్లవారగానే అక్కడ చేరి సూర్యుడికి పాట పాడతాయి. తర్వాత పంక్తిలో కూర్చుని మోదుగాకుల్లో ఫలహారం తింటాయి. పోలమ్మ కూడా పిల్లలతో పంక్తి చివర కూర్చుంది. అందరూ తూర్పుకు తిరిగితే తను పడమటికి తిరిగింది.

కౌజుపిట్ట మంగతాయికి ఒళ్లు మండింది. "తాతా, చూశావా? మన దేవుడికి వీపు పెట్టి కూర్చుంది. ఈవిడకు ఆకు వెయ్యాలా?"

"మొహం ఎటుందో అటు వెయ్యి," అన్నాడు సోమన్న.

"చుట్టూ తిరిగి వెళ్లాలి. ముళ్లు గుచ్చుకుంటాయి."

"చూసుకుని వెళ్లు."

గొణుక్కుంటూనే వెళ్లింది. రెండు ముళ్లు గుచ్చుకున్నాయి కూడా. ఆకు వేశాక ఉండబట్టలేక అడిగేసింది, "అటేముందని అలా చూస్తావు?"

పోలమ్మ చెప్పింది. అది విని మంగతాయి వెళ్లి ఇంకో నాలుగు రేగుపళ్లు తెచ్చి పెట్టింది. ఆరు రోజులూ ఆకు అటువైపే వేసింది. నీళ్లెక్కడ మంచివో, వేటగాళ్ల గుంటలెక్కడున్నాయో పిల్లల్ని తిప్పి చూపించింది.

ఏడో రోజు పొద్దున్నే భూషయ్య కొలువు తీరాడు. పోలమ్మ నోరు తెరిచేలోపే తాతారావు ముందుకు దూకాడు.

"పెద్దయ్యా, ఈమె నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పూచీ నాది."

"ఈయన్ని నేను గట్టు మీద ఒక్కసారి చూశాను, అంతే," అంది పోలమ్మ.

"మా కూటమి ఉంది సాక్షిగా," అన్నాడు సోమన్న.

నక్క నవ్వాడు. "అదెలా కుదురుతుంది? ఈవిడ వాళ్ల సూర్యుడికి దండం పెట్టదు. వీపు చూపిస్తుంది. వాళ్లలో మనిషి కానిదానికి వాళ్లెలా పూచీ ఉంటారు పెద్దయ్యా?"

భూషయ్య గడ్డం గోక్కున్నాడు. మాట సబబుగానే తోచింది. "పోలమ్మా, ఒక్కసారి తూర్పుకు తిరిగి దండం పెట్టెయ్. గొడవ వదిలిపోతుంది."

పోలమ్మ పిల్లల వంక చూసింది. ఆకాశం వంక చూసింది. మబ్బు పట్టే ఉంది.

"పెట్టను పెద్దయ్యా. అన్నం పెట్టినవాళ్లు కూడా ఆ మాట అడగలేదు. పొమ్మంటే పోతాను."

"విన్నారుగా," అన్నాడు తాతారావు.

"మా పాటలో లేకపోతేనేం, మా పంక్తిలో ఉంది," అన్నాడు సోమన్న. "మాకదే చాలు."

"తెలుసని ఇద్దరూ అంటున్నారు," అన్నాడు భూషయ్య. "సరే తాతారావూ, చిన్నప్పట్నుంచీ తెలుసన్నావు. రోజూ పడమటికి ఎందుకు తిరుగుతుందో చెప్పు."

నక్క నసిగాడు. "అదీ... ఎండ పడదు పెద్దయ్యా. కళ్ల జబ్బు. వాళ్ల వంశంలోనే ఉంది."

"మీ తరఫున ఎవరు చెప్తారు?"

మంగతాయి ఎగిరొచ్చి ముందు వాలింది. "మునిగిపోయిన వాళ్ల గుట్ట అటే ఉంది. వాళ్ల గుట్టమ్మ తల్లి రాయి ఆ నీళ్ల అడుగునే ఉంది. ఈవిడ అమ్మను అక్కడే పూడ్చారు. ఎవరూ లేని చోట ఆ ఇద్దరు తల్లుల్నీ ఒంటరిగా వదిలేశానని రోజూ పొద్దున్నే ఆ పేర్లు పిలుస్తుంది. తూర్పుకు తిరగమని ఆవిణ్ణి నేను అడగను, మీరూ అడక్కండి."

పోలమ్మ కళ్లు తుడుచుకుంది.

"పూచీ కూటమిదే," అన్నాడు భూషయ్య. "తెలుసని అబద్ధమాడినవాడు, తెలియనివాళ్ల కోసం ఒళ్లు వంచాలి. తాతారావూ, వాన పడేలోపు ఈమెకు బొరియ తవ్వు."

"నేనా? నాకు తవ్వడం రాదు పెద్దయ్యా."

"ఐదు బొరియలు కావాలన్నావుగా అన్నా," అంది పోలమ్మ. "రా, నేర్పిస్తా."

ఆ గట్టి గరపనేలలో రెండు రోజులు తవ్వేసరికి తాతారావు గోళ్లు అరిగిపోయాయి. పోలమ్మ పక్కనే కూర్చుని "ఇంకాస్త లోతు అన్నా, పిల్లలకు చల్లగా ఉండాలి" అంటూనే ఉంది. మూడో రోజు వాన దంచికొట్టింది. పిల్లలు లోపల పొడిగా పడుకున్నారు. మరదళ్లకు ఏం చెప్పాలో తెలియక నక్క చెట్టు కింద తడిశాడు.

తెరిపివ్వగానే పోలమ్మ సోమన్న దగ్గరకెళ్లింది. "ఏడాది మీ మాట వినాలి కదా తాతా. ఏం చెయ్యమంటావు?"

"పొద్దున్నే పంక్తికి రా తల్లీ. ఎటు కూర్చుంటావో నీ ఇష్టం."

మర్నాడు ఆమె పడమటికే కూర్చుంది. మంగతాయి ఆకు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లింది. ఈసారి ముళ్లు గుచ్చుకోకుండా పోలమ్మే ఒదిగి దారిచ్చింది.

నీతి: గూడు చెదిరి వచ్చినవాళ్లను మీ దేవుడెవరని తర్వాత అడగొచ్చు, ముందు ఆకు వెయ్యండి.