చప్పుడుకు పేరు పెట్టిన రాజకుమారుడు

ఎప్పటి మాటో ఇది, పిల్లలూ! కొండలకీ సముద్రానికీ నడుమ మణిగుండమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని హేమధ్వజుడనే రాజు ఏలేవాడు. ఆయన రాణి మలయవతి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. రాణికి పుట్టుకతోనే చూపు లేదు. అయినా ఆమెకు ఏ లోటూ తెలియలేదు. అడుగును బట్టి రాజును, దగ్గును బట్టి మంత్రిని, కేరింతను బట్టి బిడ్డలను పోల్చుకునేది.

చిన్నవాడు కేయూరుణ్ణి ఊయలలో వేసిన రోజున ఊరంతా పాటలు పాడుతోంది. ఆ దారిన శుష్కకంఠుడనే మాంత్రికుడు పోతున్నాడు. వాడికి ఒకరు నవ్వితే గిట్టదు, ఒకరు పాడితే గిట్టదు. ఒళ్లు మండి మంత్రదండం ఎత్తాడు. అంతే! వాగుల గలగల పోయింది. పిట్టల కిలకిల పోయింది. గాజుల ఘల్లుఘల్లు పోయింది. మనుషుల పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. మాంత్రికుడు వాటన్నిటినీ ఒక చిలుక గొంతులో దాచాడు. తన ప్రాణాన్నీ అక్కడే దాచాడు. ఏడు సముద్రాల అవతల ఉన్న తన కోటకు వెళ్లిపోయాడు.

పాపం, రాణి ఒంటరిదైపోయింది. పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలియక, చేతులు చాచి గాలిని తడుముకునేది.

కొడుకులు పెద్దవాళ్లయ్యారు. ముందు పెద్దవాడు బయలుదేరాడు. ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి ముందు నిలబడ్డాడు.

"నా మంత్రానికి ఒక కట్టుబాటు ఉంది," అన్నాడు శుష్కకంఠుడు. "ఎవరైనా సరే ఒక్కసారే అడగాలి, ఏది కావాలో దాని పేరు ఒక్క మాటలోనే అడగాలి. పేరు సరైనదైతే చిలుక నోరు తెరిచి అది ఇచ్చేస్తుంది. కాకపోతే అడిగినవాడు రాయైపోతాడు."

పెద్దవాడు భయపడి, "గలగల," అన్నాడు.

ఆ క్షణాన కేయూరుడు మణిగుండంలో వాగు ఒడ్డున ఉన్నాడు. బుద్ధెరిగాక మొదటిసారి అతని చెవిలో ఏదో పడింది. నీళ్లలో చేయి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. పరుగున వెళ్లి తల్లిని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె పొద్దుగుంకేదాకా ఆ ఒడ్డున కదలకుండా కూర్చుంది.

పెద్దవాడు తిరిగొచ్చి, జరిగినదంతా రాసి చూపాడు. తరువాత నడిమివాడు వెళ్లాడు. "కిలకిల," అన్నాడు. పిట్టలు పలికాయి. మనుషులకు మాత్రం మాట రాలేదు. ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోతే ఎన్ని తరాలు కావాలి? ఆ కాలంలో దేని కూతకు దానికే పేరు. అన్నిటికీ కలిపి ఒక పేరు లేదు మరి!

చివరికి కేయూరుడు కదిలాడు. సముద్రపు ఒడ్డున కొండంత తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. రాజ్యం పొలిమేర దాటగానే అతను అందరి పెదవులు చూసి నేర్చుకున్న మాటకు గొంతు వచ్చింది. "అమ్మా!" అన్నాడు. తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

తాబేలు కాలు వేసినప్పుడల్లా నీరు చప్, చప్ అంటోంది.

"తాతా, ఏమిటది?"

"నా కాలు నీటికి తగులుతోంది నాయనా. ఒకటి ఇంకొకదానికి తగిలితేనే అది పుడుతుంది. అలకు బండ తగలాలి, ఆకుకు గాలి తగలాలి."

"అలా పుట్టేదాన్ని ఏమంటారు?"

"ఏమీ అనరు. దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు."

కోటలో చిలుకకు గింజలు పెడుతూ తరంగిణి అనే రాజకుమారి బందీగా ఉంది. కేయూరుణ్ణి చూసి, "వెళ్లిపోండి! ఈ ముంగిట్లో రాళ్లన్నీ ఒకప్పుడు మనుషులే," అంది.

"మా అమ్మ గాలిని తడుముకుంటోంది. ఎలా వెళ్లను?" అన్నాడతను.

మాంత్రికుడు వచ్చాడు. "అడుగు!"

కేయూరుడు కళ్లు మూసుకున్నాడు. రెండు అరచేతులూ గట్టిగా కలిపి కొట్టాడు. చప్! కోట గోడలన్నీ ఆ మాటే పలికాయి.

"చప్పుడు!" అన్నాడు.

చిలుక తల వంచి ఆలోచించింది. అలాంటి పేరు అది ఎన్నడూ వినలేదు. కేయూరుడి పాదాలు చల్లబడ్డాయి. మోకాళ్లదాకా రాయయ్యాయి. చిలుక మెల్లగా ఆ మాటను తనలో తనే పలికి చూసుకుంది. వాగు అందులో పట్టింది. ఉరుము పట్టింది. పసిపాప ఏడుపూ పట్టింది. అప్పుడు నోరు తెరిచింది!

అబ్బ, ఏమని చెప్పను! గుడిగంటలు, గుర్రపు డెక్కలు, రోకటిపోట్లు, జోలపాటలు, అన్నీ మేఘంలా లేచి సముద్రాల మీదుగా సాగిపోయాయి. వాటితోపాటు మాంత్రికుడి ప్రాణమూ పోయింది. కేయూరుడి కాళ్లు మళ్లీ మామూలయ్యాయి. ముంగిట్లోని రాళ్లు మనుషులై లేచి చేతులు జోడించారు.

కేయూరుడు తరంగిణితో ఇల్లు చేరాడు. "అమ్మా!" అన్నాడు గుమ్మంలో.

రాణి తల తిప్పింది. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. "ఎవరు నాయనా నువ్వు?"

"నేనమ్మా, నీ చిన్నవాణ్ణి."

ఆమె వేళ్లతో అతని గొంతు తడిమింది. "ఇంకోసారి పిలువు," అంది. పిలిచాడు. "ఇంకోసారి," అంది.

ఆ నెలలోనే కేయూరుడికీ తరంగిణికీ పెళ్లయింది. బాజాలు ఎంత గట్టిగా మోగాయంటే, ఏడు సముద్రాల అవతలివాళ్లు కూడా "ఏమిటా చప్పుడు?" అని ఒకరినొకరు అడిగారట. వాళ్లిద్దరూ చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ల ఏలుబడిలో పిల్లల్ని అల్లరి చేయొద్దన్నవాళ్లే లేరు.